బాబాయి పట్టిన బల్ల

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్నో కొరియన్ సినిమాకి లాక్కెళ్లింది. ఆఫీసు బతుకుల మీద వెటకారం. దాని గురించి అప్పటికే మా ఆఫీసులో రెండు పార్టీలు తయారయ్యాయి: కడుపుబ్బ నవ్వామని కుర్రకారు, ఇదేం నవ్వులాటని తల నెరిసినవాళ్లు. ఆ సినిమాలో ఉద్యోగం ఊడిన గుమాస్తా ఒకడు మర్నాడు కూడా టై కట్టుకుని వచ్చి, తన కుర్చీ తీసేసిన చోట నిలబడి పనిచేస్తుంటాడు. తోటివాళ్లు అతనికి తగలకుండా చుట్టూ తిరిగి వెళుతుంటారు. హాలంతా గొల్లున నవ్వింది. "సో ఫన్నీ లా, అమ్మా!" అంటూ మా అమ్మాయి నా భుజం మీద వాలిపోయింది. నాకు మాత్రం మా బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయంటే చుట్టం కాదు. ఈ పరాయి దేశంలో, వన్-నార్త్ అనే కంపెనీల పేటలో ఉన్న నా మొదటి ఆఫీసులో మా తెలుగు గుంపుకి పెద్ద, కాకినాడ మనిషి. అంకుల్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "టాక్సీ ఆయనా అంకులే, నేనూ అంకులేనా? బాబాయ్ అనండర్రా" అనేవాడు. పన్నెండు కాకుండానే కింద ఫుడ్‌కోర్టుకి దిగి, మా అందరికీ పెద్ద బల్ల పట్టేవాడు. దాన్ని ఇక్కడ చోప్ చెయ్యడమంటారు. ఖాళీ బల్ల మీద ఓ టిష్యూ పొట్లం పెట్టి వెళితే చాలు, ఎంత రద్దీలోనైనా ఎవరూ కూర్చోరు. బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టిన జాతికి ఇదేం కొత్త విద్య కాదు. బాబాయి మాత్రం మెళ్లో ఆఫీసు కార్డు తీసి, ఫోటో పైకి కనబడేలా పెట్టేవాడు. "టిష్యూ అయితే ఎవడో ముక్కు తుడుచుకు పోతాడు. నా మొహం చూశాక ఎవడొస్తాడమ్మా?" అని ముందు తనే నవ్వేవాడు. పక్కన పిన్ని పంపిన గోంగూర పచ్చడి సీసా. వద్దన్నా వినకుండా అందరికీ తనే వడ్డించేవాడు.

ఒక సోమవారం ఆయన్ని గదిలోకి పిలిచి, కార్డు తీసుకుని పంపించేశారు. మర్నాడు మేం దిగులుగా కిందికి దిగితే, మా బల్ల మీద టిష్యూ పొట్లం, పచ్చడి సీసా, వెనకాల ఇస్త్రీ చొక్కాలో బాబాయి. "కార్డే కదర్రా తీసుకుంది. కూర్చోండి" అన్నాడు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాసూ పోతుంది. ఆ గడువులోగా ఇంకోటి దొరక్కపోతే, ఆ ఏడే పెద్ద పరీక్ష రాయాల్సిన తన పిల్లని చదువు మాన్పించి అందరూ ఈ దేశం వదిలిపోవాలి. మాలో ఎవరి చెవినైనా ఓ ఖాళీ సంగతి పడకపోతుందా అని ఆయన ఆశ. నోరు తెరిచి అడగలేదు. పచ్చడి మాత్రం ఇంకో చెంచా ఎక్కువ వేసేవాడు. మొదట్లో అందరం వచ్చాం. తర్వాత ఒకరికి మీటింగు, ఇంకొకరికి డైటింగు. మళ్లీ కొందరిని తీసేస్తారని పుకారు లేచాక, ఆయన పక్కన కనబడటానికే జంకారు. వాళ్లనీ తిట్టుకోలేను, వాళ్లకీ పిల్లలున్నారు. చివరికి అంత బల్లకీ ఆయనా నేనూ మిగిలాం. నేను తెలిసినచోటల్లా అడిగి చూశాను. ఎక్కడా కుదరలేదు.

గడువు ఆఖరిరోజు సీసా నా ముందుకు జరిపి, "పిల్ల అక్కడ మనూళ్లో చదువు మళ్లీ మొదలెడుతుందిలేమ్మా. రేపట్నించి బల్ల నువ్వే పట్టాలి" అన్నాడు. మర్నాడు ఒక్కదాన్నే దిగి, ఆయన కూర్చునే చోట టిష్యూ పొట్లం పెట్టాను. ట్రే పట్టుకుని ఓ చైనీస్ ఆంటీ వచ్చి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

సినిమా అయ్యాక రైల్లో టోవా పాయోలోని మా ఇంటికి తిరిగొస్తుంటే మా అమ్మాయి అడిగింది, "ఆ టై అతనికి గో హోమ్ అని ఎవరూ చెప్పరేంటమ్మా?"

"చెప్పక్కర్లేదే. పక్కన కూర్చోవడం మానేస్తే చాలు" అన్నాను. అది మరి నవ్వలేదు.

బాబాయి పోయాడని కిందటేడు పిన్ని ఫోన్ చేసి చెప్పింది. అయినా ఇవాళ్టికీ ఎక్కడ తింటున్నా, పక్కన ఆయనకని పట్టిన చోటు ఎవరడిగినా ఉన్నారనే చెబుతాను. కాలం మాత్రం ఎవర్నీ అడక్కుండానే వచ్చి అక్కడ కూర్చుంది.