టీచరమ్మ బండికి గాలి ఆగిన చోట

మీ బండి వేడెక్కితే ముందు బానెట్ ఎత్తుతారా, నిమ్మకాయ కోస్తారా? ఎవరూ వినడం లేదు, నిజమే చెప్పుకోండి. నిన్న జనగామలో నా పాత బండి ఏసీ గాలిలోంచి ఇంజన్‌ను చల్లార్చే కూలెంట్ తియ్యటి వాసన వచ్చింది. ఎక్కడో కారుతోందన్నమాట. ఆ వాసనతో పాటే సరోజన టీచరమ్మ గుర్తొచ్చారు. ఊళ్లలో మూఢనమ్మకాలకు ఎదురు నిలిచే మా చిన్న సంఘానికి ఆవిడే పెద్ద. సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఎవరో వాడి వదిలేసిన ఎస్‌యూవీ కొని దాంట్లోనే మమ్మల్ని ఊరూరా తిప్పేవారు. నేనప్పుడు కొత్తగా వేదికలెక్కుతున్నాను. ఎదుటివాడి మాటలో తప్పు దొరికితే చాలు, నాకు పండగే.

ఒక చలికాలం పొద్దున గూడూరు వైపు వెళ్తున్నాం. హీటరు వేస్తే చన్నీళ్లు చల్లినట్టు గాలి వస్తోంది. "హీటరు సచ్చింది మేడం, గొంగడి కప్పుకోన్రి" అన్నాడు డ్రైవర్ యాకయ్య. టీచరమ్మ టీ కొట్టు దగ్గర బండి ఆపించి, బానెట్ ఎత్తి, హీటరులోకి వెళ్లే గొట్టాన్నీ బయటికొచ్చే గొట్టాన్నీ గుడ్డతో తాకి చూశారు. "ఒకటి కాలుతుంది, ఒకటి సల్లగుంది. అంటే ఏంది బిడ్డా?" అని నన్నడిగారు. హీటరు పాడైందన్నాను. "గది బండిల కూసున్నప్పుడే యాకయ్య అన్నడు. పట్టి సూసి చెప్పు." రెండూ తాకాను. "వేడి ఉన్నది. మనదాంక వస్తలేదు. నడుమ ఏదో అడ్డమున్నది" అన్నారావిడ. మహబూబాబాద్ మెకానిక్ నీళ్లు కొట్టి కడిగితే హీటరులోంచి ఎర్రటి తుప్పు బురద వచ్చింది. పేరు పెట్టడం వేరు, కారణం తెలుసుకోవడం వేరు అని నాకు అర్థమైంది అప్పుడే. పూర్తిగా అర్థమైంది మాత్రం ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో.

ఒక రోజు బచ్చన్నపేటలో ఊరేగింపు ముగించామో లేదో ఫోన్ వచ్చింది. రేగొండ దాటాక ఒక ఊళ్లో పిల్లలకు వరుసగా జ్వరాలట. ఒంటరిగా ఉండే కొమురవ్వ బాణామతి చేసిందని, పొద్దుగూకేలోగా ఊరు విడవాలని పెద్దమనుషులు తేల్చారట. ఏడుస్తూ చెప్పింది వేరే ఊళ్లో ఉండే ఆమె మనవరాలు. పోలీసులకు చెప్పాం. వాళ్ల కోసం ఆగకుండా మేమూ బయలుదేరాం. సగం దారిలో ఏసీ వేడి గాలి కొట్టసాగింది. ఆ వెంటనే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది. యాకయ్య ముఖం వాడిపోయింది. "బాణామతి ఊరికి పోతున్నం మేడం. బండికేమన్న చేసిన్రేమో. ఎనకకు మర్లిపోదాం."

"ముందు హీటరు పెట్టు" అన్నారు టీచరమ్మ.

"గీ ఎండల హీటరా?"

"ఇంజన్ల వేడి మనం పంచుకుందాం. అద్దాలు దించు, మెల్లగ పోనియ్యి."

ఒళ్లంతా ఉడికిపోయింది గానీ ముల్లు కాస్త దిగింది. వేగం పెంచగానే మళ్లీ లేచింది. ఒక చెట్టు నీడన ఆపి, ఇంజన్ చల్లారేదాకా మూత ముట్టుకోనివ్వలేదు ఆవిడ. కూలెంట్ నిండుగానే ఉంది. బెల్టు బిగువుగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది. నాకు మాత్రం దోషి దొరికేశాడు. యాకయ్య వెనక బంపరుకు కట్టిన నిమ్మకాయల దండ తెంపి, "ఇదిగో నీ రక్షణ" అని వాడి ముందు ఊపాను. టీచరమ్మ నవ్వారు. "గాలినాపే బలం గా నిమ్మకాయలకు యాడిది బిడ్డా? ఏసీ సల్లబడాలన్నా, ఇంజను సల్లబడాలన్నా గాలి ముందల్నుంచే రావాలె. రెండూ ఒక్కపారే చెడ్డయంటే ముందట ఏమున్నదో సూడు."

ముందుకెళ్లి చూశాను. పొద్దుటి ఊరేగింపుకు మేమే కట్టిన మందపాటి ఫ్లెక్సీ బ్యానర్ గ్రిల్ మొత్తాన్నీ కప్పేసింది. గాలి పోయే సందు లేదు. దాని మీద పెద్ద అక్షరాలతో మా నినాదం: కారణం అడుగు.

"నా నిమ్మకాయల్ని నాకియ్యి అన్న" అన్నాడు యాకయ్య నాతో. టీచరమ్మ పగలబడి నవ్వుతూ తాళ్లు విప్పారు. విప్పాక బండి మళ్లీ వేడెక్కలేదు.

మేం చేరేసరికి కొమురవ్వ బట్టల మూటతో గడపలో కూర్చుని ఉంది. చుట్టూ జనం. పోలీసులింకా రాలేదు. టీచరమ్మ నిప్పులు కురిపిస్తారనుకున్నాను. ఆవిడ మడత పెట్టిన బ్యానర్ తెచ్చి వాళ్ల ముందు పరిచారు. "తొవ్వల మా బండి కాగింది. మంత్రం పెట్టిన్రన్నడు మా డ్రైవర్. మా వక్త నిమ్మకాయల మీద పడ్డడు. కడకు సూస్తే మేం కట్టిందే మా బండి గొంతు పిసికింది." ఎవరో కిసుక్కున నవ్వారు. గుంపు బిగువు సడలింది. "మీ పిల్లల జ్వరాలకు గూడ ఒక్కొక్కటి సూద్దామా? ముందుగాల మనం కట్టుకున్నయే. తాగే నీళ్లు యాడికెంచి వస్తున్నయి?"

ఒక పెద్దమనిషి గొణిగాడు గానీ నలుగురు తల్లులు లేచి ముందు నడిచారు. ట్యాంకు నుంచి వచ్చే పైపు పగిలి మురికి కాలువలో మునిగి ఉంది. దాన్ని అక్కడ వేయించింది ఊరి పెద్దలే. ఆ పూట కొమురవ్వ మూట విప్పి తన పొయ్యి మీదే వండుకుంది.

టీచరమ్మ ఇప్పుడు లేరు. నా కోపం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. బాణామతి పేరుతో ఒక ఆడమనిషిని ఊళ్లోంచి తరిమేవాడి మీద కోపం రాకపోతే అది మంచితనం కాదు, పిరికితనం. కానీ వేదిక ఎక్కే ముందు నేను కట్టిన బ్యానర్ దేన్ని కప్పుతోందో ఒకసారి చూసుకుంటాను. ఇంకొకరి నిమ్మకాయలు తెంపడం తేలిక.

మీరూ ఇప్పుడే లేవండి. మీ బండి ముందుకెళ్లి నిలబడి, గాలికి ఏం అడ్డముందో చూడండి. ముందు మీరు కట్టింది విప్పండి.