గొంతు ఒకరిది, ముఖం ఒకరిది

పాతికేళ్లుగా ఆమె గాజు గోడ వెనక మైకు ముందు నిలబడి కథానాయికలకు గొంతు అరువిస్తోంది. చల్లనిది ముట్టదు, మెడ మీది శాలువా తీయదు. ఒక్కసారైనా తన ముఖం, తన మాట కలిసి తెర మీద కనిపించాలని ఆశ. ఎట్టకేలకు ఒక సినిమాలో తల్లి వేషం దొరికింది. అందరూ మెచ్చుకునేలా నటించింది. తీరా డబ్బింగ్ సమయానికి దర్శకుడు నీళ్లు నమిలాడు.

“ఇందులో హీరోయిన్‌కీ మీ గొంతే కదక్కా. తల్లీకూతుళ్లిద్దరికీ ఒకే గొంతంటే జనం నవ్వుతారు. తల్లికి వేరేవాళ్లతో చెప్పిద్దాం.”

ఆమె సరేనంది. అయినా ఆ రోజు స్టూడియోకి వెళ్లి, తన ముఖానికి మాట చెప్పడానికొచ్చిన కొత్తమ్మాయి పక్కన నిలబడింది. తల్లి కూతుర్ని సాగనంపే సన్నివేశంలో ఆ పిల్ల రెండుసార్లు తడబడింది. ఆమె వంగి, మెల్లగా చెప్పింది.

“‘వెళ్లిరా’ అనే ముందు నేను గుటక మింగానమ్మా. నువ్వూ మింగు, సరిపోతుంది.”