నేను ఎంచిన కొట్టు

నల్లటి గ్రామఫోను రికార్డుల్లో డాన్సు పాటలు కొనే పిచ్చి మా ఇంట్లో ఇద్దరికే ఉండేది, నాకూ మా బావకీ. బావ అంటే మా అక్క మొగుడు. కోటబొమ్మాళిలో పెళ్లిళ్లకీ అమ్మవారి సంబరాలకీ మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఊరేగింపుల్లో ఫోన్లోంచి పాటలు పెట్టి బతికే మనిషి, ఇంటికొస్తే చేతులు కడుక్కుని మరీ రికార్డు పట్టుకునేవాడు.

ఈ రికార్డులు మన వైపు ఏ షాపులోనూ దొరకవు. బయటిదేశాల కొట్లకి ఆర్డరిచ్చి పోస్టులో తెప్పించుకోవాలి. ఏ కొట్టు అన్నదే మా నిత్య జగడం. ఒకడు పల్చటి కవర్లో పంపితే రికార్డు అప్పడంలా వంగి వచ్చింది. బావ దాన్ని రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య పెట్టి, పైన సౌండు బాక్సు ఎక్కించాడు. అయినా లాభం లేకపోయింది. ఇంకొకడు కొత్తదానితో సమానమని రాసి, గీతలు పడ్డది అంటగట్టాడు.

చివరికి రెండు కొట్లు మిగిలాయి. మొదటివాడు ఆర్డరు పెట్టిన మర్నాడే పంపేస్తాడు, కానీ రికార్డు అట్టల మూలలు నలుగుతాయి. రెండోవాడు మనం అడిగినవన్నీ తన దగ్గరకి చేరేదాకా ఆగి, గట్టి పెట్టెలో ఒకేసారి పంపుతాడు. నెలలు పడుతుంది. బావ ఎప్పట్నుంచో వెతుకుతున్న రికార్డు ఇద్దరి దగ్గరా ఉంది.

"నువ్వు అట్ట సూసి కొంటావురా. ముందు పాట ఇంటికి రానీ" అన్నాడు బావ.

నేను రెండోవాడి దగ్గరే కొందామని మొండికేశాను. ఆర్డరు పెట్టేది నేనే కాబట్టి నా మాటే నెగ్గింది. కంగారేముంది, ఎక్కడికి పోతాం అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

బావ పోయాడు. గుండెపోటు, ఆసుపత్రికి చేర్చేలోపే. పెద్దకర్మ అయ్యాక కొన్నాళ్లకి పోస్టుమేన్ పెట్టె తెచ్చాడు. ఒక్క మూల కూడా నలగలేదు. అది చూస్తే ఒళ్లు మండింది, నా మీద నాకే.

మా వైపు ఏటిసూతకం గట్టిగా పాటిస్తారు. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో పాట వినపడకూడదు. పెట్టెని అటకెక్కించేద్దామనుకున్నాను. చేతకాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినాలన్న ఆశ చావలేదు. ఒక మధ్యాహ్నం అక్క పడుకుందనుకుని గది తలుపు దగ్గరగా వేసి, పెట్టె విప్పాను. యాంప్లిఫయర్ ఆపేసి, బావ వెతికిన ఆ రికార్డు తిప్పి ముల్లు దించాను. బాక్సులు పలక్కపోయినా ముల్లు దగ్గర సన్నగా పాట వినిపిస్తుంది. చెవి ఆనించాను. పాట బాగుంది. బాగుందనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

తలెత్తితే గుమ్మంలో అక్క. తిడుతుందని ముల్లు ఎత్తబోయాను. ఉండనీ అన్నట్టు చెయ్యూపి, పక్కన కూర్చుంది. ఆగలేక అంతా చెప్పేశాను, బావ అడిగిన కొట్టులో కొనుంటే ఈ పాట విని ఉండేవాడని.

"నాకు తెలుసురా. ఆ తొందరకొట్టోడి కాడ నువ్వే తెప్పించుకోవచ్చు కదా అని మీ బావతో నేనే అన్నాను. అక్కర్నేదు, బామ్మర్ది పెట్టె ఇప్పుతున్నప్పుడు ఆడి మొకం సూడాల, అదే నాకు సరదా అన్నాడు."

అక్క ఆ మాట నన్ను ఓదార్చడానికే అంది. విప్పి పారేసిన పెట్టె అట్టల మధ్య కూర్చున్న నాకు, బావ చూడాలనుకున్న ఆ మొహాన్ని ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.