గంగమ్మ మూత

2022 వేసవి. ప్రొద్దుటూరులో మా ఇంజిన్ ఆయిల్ అంగడికి అప్పటికి పద్నాలుగేళ్లు. ట్రాక్టరు, ఆటో, బోరు కంప్రెసరు, ఏ ఇంజిన్‌కు ఏ ఆయిలో నాకు నోటికి వచ్చు. ఆడమనిషికి ఏం తెలుసులే అని మొహం చిట్లించినవాళ్లలో సగంమంది ఇప్పుడు నన్ను అడగందే డబ్బా మూత తీయరు. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే.

ఒక రోజు ఓబులేసు అనే ఆయన పడవ మోటారును గోనెసంచిలో చుట్టి ఆటోలో తెచ్చాడు. మైలవరం జలాశయంలో చేపలు పడతాడు. పడవ వెనక తగిలించే ఈ మోటారును అవుట్‌బోర్డ్ అంటారు. అది నీళ్ల నడుమ ఆగిపోతోందట. మెకానిక్కులు ప్లగ్గు మార్చి పంపితే నాలుగు రోజులకు మళ్లీ అదే కథ.

"తెడ్డేద్దామంటే కుడి భుజం లేయదక్కా. మొన్న గాలికి నేనూ నా పెండ్లామూ మద్దేనం దాకా నడి నీళ్లలో తిరిగినాం. ఇంగోసారి ఆగితే దీన్ని అమ్మేసి సింహాద్రిపురం చీనీ తోటలకు కావలికి పోతా."

ప్లగ్గు విప్పించి చూశాను. జిడ్డు, దాని మీద బూడిద.

"ఏం ఆయిల్ పోస్తాండావప్పా?"

"మోపెడ్‌కు పోసేదే. టూ టీ."

టూ టీ అంటే పెట్రోలులో కలిపే ఆయిల్. పడవ మోటారుకు అది సరిపోతుందో లేదో నాకప్పుడు తెలియదు. తెలియకుండా డబ్బా అంటగట్టే రకం కాదు నేను. మోటారుతో వచ్చిన పుస్తకం ఏదని అడిగాను.

"దేవుని గూట్లో ఉందక్కా. పసుపు రాసి పెట్టినాం."

తెరవని పుస్తకానికి పూజలు చేస్తే మోటారు నడుస్తుందా అని కోప్పడ్డాను. మరుసటి రోజు తెచ్చిచ్చాడు. అందులో ఉంది: టీసీ-డబ్ల్యూ3 అనే ఆయిల్, యాభై వంతుల పెట్రోలుకు ఒక వంతు. మోపెడ్ ఇంజిన్‌ను గాలి చల్లబరుస్తుంది, దీన్ని నీళ్లు చల్లబరుస్తాయి. మోపెడ్ ఆయిల్ ఇందులో బూడిద మిగిల్చి ప్లగ్గును మూసేస్తుంది.

జమ్మలమడుగులో, పులివెందులలో వాకబు చేశాను. లేదు. నెల్లూరు వ్యాపారికి ఫోన్ చేస్తే నవ్వాడు.

"ప్రొద్దుటూరుకి సముద్రం ఎప్పుడొచ్చిందమ్మా?"

"నువ్వు డబ్బాలు పంపప్పా. సముద్రం సంగతి నేను చూసుకుంటా."

ఆయిల్ వచ్చింది, కొత్త ప్లగ్గు వేశారు. అయిదో రోజు ఓబులేసు ఫోన్: మళ్లీ ఆగింది. నాకు అన్నం సయించలేదు. బస్సెక్కి మైలవరం పోయి, నా ఎదురుగా కలపమన్నాను.

అయిదు లీటర్ల పెట్రోలులో కొలిచి వంద మిల్లీ పోశాడు. సరిగ్గానే ఉంది. అంతలో ఆయన భార్య లక్షుమ్మ ఆయిల్ డబ్బా అందుకుని, కళ్లు మూసుకుని, దాని మూతతో ఆ పెట్రోలులోనే ఇంకో అయిదుసార్లు పోసింది.

"అదేంది లక్షుమ్మా?"

"గంగమ్మ మూతక్కా. నీళ్ల మీదికి పోతా తల్లికి ఇయ్యకుండా పోతామా? మొదట ఒకటే పోస్తాంటి. ఆగినప్పుడల్లా తల్లికి చాల్లేదేమోనని ఒకటి పెంచినా."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమె మొహం చూసి రెండూ మింగాను. ఇద్దరి ప్రాణాలూ ఆ మూతల మీదే పెట్టుకుని ఉంది. ఆయిల్ ఎక్కువైనా ప్లగ్గు తడిసి ఆగుతుందని చెప్పాను.

"తల్లికి ఇయ్యాల్సిందే. అయితే ఇంజిన్ ఆయిల్ ఆయమ్మకేం రుచి? ఒడ్డున దీపం పెట్టు. చెనిక్కాయ నూనె పొయ్యి, ఎన్ని మూతలైనా."

ఆమె మొగుడి వైపు చూసింది. "ఆగితే?"

"ఆగితే నేనూ మీతోనే ఉంటా పద."

నాకు ఈత రాదు. లారీ ట్యూబు ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చున్నాను. మళ్లీ కొలిచి కలిపి, ప్లగ్గు తుడిచాక, ఓబులేసు ఎడమ చేత్తో ఒక్క లాగు లాగాడు. మోటారు అందుకుంది. అవతలి గట్టు దాకా పోయి వచ్చాం, ఎక్కడా ఆగలేదు. అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఏ ఆయిల్ కావాలని అడిగి ఊరుకుంటే సగం పనే. ఎట్లా పోస్తున్నారో, ఎందుకు పోస్తున్నారో కూడా అడగాలని ఆ ఒడ్డున నేర్చుకున్నాను. ఇప్పుడు మైలవరంలో మోటారున్న పడవలన్నిటికీ ఆయిల్ మా అంగడిదే. నెల్లూరు వ్యాపారి ఇప్పుడు తనే ఫోన్ చేస్తాడు.

"మీ సముద్రానికి ఈసారి ఎన్ని డబ్బాలమ్మా?"