ఐస్‌క్రీమ్ పాట

ఒపెరా గురించి నాకు తెలిసినదంతా మా ఆవిడ థియేటర్ పార్కింగ్ లాట్‌లో చెప్పింది. కారు ఆపి ఆమె దిగేలోపు చెప్పింది కాబట్టి అది ఎక్కువేమీ కాదు.

"ఒక ముసలాయన తను పెంచిన అమ్మాయినే పెళ్ళాడాలని చూస్తుంటాడు. ఒక కుర్రాడు వేషాలు మార్చుకుంటూ ఆ ఇంట్లో దూరతాడు. చివరికి వాళ్ళిద్దరికీ పెళ్ళి."

"మరి నువ్వు?"

"ఆ ఇంట్లో పనిమనిషిని."

"ఆ పెళ్ళితో నీకేం పని?"

"ఏం లేదండీ. అందుకే నాకో పాట ఇచ్చారు."

ఇది నాకు అర్థం కాలేదు. ఆ రోజు అర్థం కానివాటిలో ఇది మొదటిది మాత్రమే.

మా ఆవిడ ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో ఫిజికల్ థెరపిస్టు. ఆదివారాలు తెలుగు చర్చి క్వైర్‌లో పాడుతుంది. అది చాలదన్నట్టు, అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న ఒపెరా కంపెనీ కోరస్‌లో చేరింది. ఏ నాటకం వేసినా ఈవిడ వెనక వరసలో బుట్ట పట్టుకుని నిలబడేది. ఒకసారి బుట్టలో పళ్ళు, ఇంకోసారి బట్టలు. ఈసారి పనిమనిషి వేషం వేస్తున్నావిడ ఎవరిదో పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, ఆదివారం మధ్యాహ్నం ఆట ఒక్కటీ మా ఆవిడకి ఇచ్చారు. బాగా పాడితే వచ్చే సీజన్ నుంచి చిన్న పాత్రలు ఇస్తానని డైరెక్టర్ చెప్పాడు. పాడకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. బుట్ట అని మాకు తెలుసు.

ఆమెకి ధైర్యం చెప్పాలని, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ ఒక సంగతి చెప్పాడట. పూర్వం ఇటలీలో ఇలాంటి చిన్న పాత్రల పాట రాగానే జనం లేచి ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్ళేవాళ్ళట, అందుకని దీన్ని ఐస్‌క్రీమ్ పాట అంటారట. ధైర్యం చెప్పే పద్ధతులు ఇక్కడ వేరు. ఆ వారమంతా మా ఇంట్లో ఫ్రీజర్ తెరిస్తే ఆవిడ మొహం తిప్పుకునేది.

ఆమెను దింపేసి వెనక్కి వచ్చి, చర్చి అయ్యాక మావయ్యగారిని తీసుకుని మళ్ళీ బయల్దేరాను. ఆయనది తెనాలి. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా రిటైరై, చర్చిలో సంఘపెద్దగా ఉంటూ, ఆ వేసవికి మా దగ్గరికి వచ్చారు. కూతురి పాట గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలేదు. చర్చిలో పాడిన పాటకి మెప్పు నేరుగా పైకి వెళ్తుంది, మధ్యలో పాడినవాళ్ళకి ఏమీ ఆగదు. పద్యనాటకాల విషయంలో మాత్రం ఆయన ఇంత పొదుపరి కాదు. కుర్రతనంలో రాత్రంతా పందిట్లో కూర్చుని, పద్యం నచ్చితే లేచి "వన్స్ మోర్" అనేవారట. అనగానే హార్మోనియం వెనక్కి వెళ్ళేది, నటుడు మళ్ళీ ఎత్తుకునేవాడు. చచ్చిపడిన పాత్ర కూడా లేచి, పద్యం పాడి, తిరిగి చచ్చిపోయేదట. దాన్నెవరూ వింతగా అనుకునేవాళ్ళు కాదు.

హాల్లో పాట ఇటాలియన్‌లో సాగుతుంటే వేదిక పైన తెర మీద ఇంగ్లీషు మాటలు పడుతున్నాయి. అంత దూరం అక్షరాలు మావయ్యగారికి ఆనవు. చదివి చెప్పే పని నాకు పడింది.

"ఇతనెవరు అల్లుడు గారూ?"

"సైనికుడండీ."

"ఇందాక కిటికీ కింద పాడినవాడేగా?"

"అవునండీ. వేషం మార్చాడు."

"ముసలాయన పోల్చుకోలేదా?"

"టోపీ పెట్టుకున్నాడు కదండీ."

ఆయన ఆ టోపీని పరీక్షగా చూశారు. "కరెంటు బిల్లు కట్టనివాడు కూడా మా దగ్గర ఇంతకంటే బాగా దాక్కునేవాడు."

రెండో అంకంలో ఒక సంగీతం మాస్టారు వచ్చాడు. ఇతను కొత్త మనిషని, ముసలాయన స్నేహితుడని, అమ్మాయిని కాపాడటానికి వచ్చాడని నేను చాలాసేపు నమ్మకంగా చెప్పుకుంటూ పోయాను. మావయ్యగారు మర్యాదగా విన్నారు.

"వాడేనండీ," అన్నారు చివరికి. "బూట్లు చూడండి."

చూశాను. వాడే. అయితే నేను చెప్పిన కథ ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు అందరూ తలోవైపు పరిగెత్తి, వేదిక మీద చీపురుతో మా ఆవిడ ఒక్కతే మిగిలింది. పాట ఎత్తుకుంది. ఈ ఇంట్లో అందరికీ పిచ్చెక్కిందని తెర మీద పడింది. ఆ నాటకంలో నాకు పూర్తిగా అర్థమైన వాక్యం అదొక్కటే. సరిగ్గా అప్పుడే మా ముందు వరసలోని ముసలి దంపతులు మోకాళ్ళు పట్టుకుని లేచి, "సారీ, సారీ" అనుకుంటూ లాబీలోకి వెళ్ళిపోయారు. కండక్టర్ చెప్పింది అప్పటిదాకా పాత చరిత్ర అనుకున్నాను.

పాట బాగానే సాగింది. చివర్లో పైకెక్కి ఆగాల్సిన చోట గొంతు జారింది. నాకు సంగీతం రాదు. మావయ్యగారి చెయ్యి కుర్చీ మీద బిగుసుకోవడం చూసి తెలుసుకున్నాను. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. కండక్టర్ తర్వాతి దానికి చెయ్యెత్తాడు. మూడో వరసలో డైరెక్టర్ ఏదో రాసుకోవడం కనిపించింది. బుట్ట అనే రాసుకుంటున్నాడనిపించింది.

మావయ్యగారు లేచారు. చర్చి సూటులో, నోటికి ఇరువైపులా చేతులు పెట్టుకుని, "వన్స్ మోర్" అన్నారు.

ఇంగ్లీషులో అన్నారు కాబట్టి ఎవరికీ అర్థం కాలేదని సరిపెట్టుకునే వీలు కూడా లేకపోయింది. నేను కోటు పట్టుకుని లాగాను. ఆయన కూర్చోలేదు. కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు. మా ఆవిడ కూడా చూసింది, నేను డిష్‌వాషర్ సర్దేటప్పుడు చూసే చూపు. అంతలో పైన బాల్కనీలో ఎవరో నవ్వి, తనూ "వన్స్ మోర్" అన్నాడు. అక్కడక్కడ చప్పట్లు లేచాయి. కండక్టర్ కనుబొమలెత్తి మా ఆవిడని అడిగాడు. ఆమె కింద పెట్టిన చీపురు మళ్ళీ అందుకుంది. ఆయన కాగితాలు వెనక్కి తిప్పాడు.

ఆమె మొదటి నుంచి పాడుతుండగా ముసలి దంపతులు ఐస్‌క్రీమ్ కప్పులతో తిరిగొచ్చి తలుపు దగ్గర ఆగిపోయారు. వెళ్ళేటప్పుడు విన్న పాటే ఇంకా నడుస్తోంది, అదే చీపురు, అదే పిచ్చి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ హాల్లో నాకు బంధువులు దొరికినట్టయింది. వాళ్ళు కదలకుండా నిలబడి చివరిదాకా విన్నారు. ఈసారి ఆ పై స్వరం ఎక్కింది, నిలబడింది, దిగమన్నప్పుడే దిగింది.

ఆట అయ్యాక డైరెక్టర్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఈ థియేటర్‌లో పాట మళ్ళీ పాడమని అడిగినవాళ్ళని తను చూడలేదన్నాడు. "సార్, మీరు ఒపెరాలో చేశారా?"

"ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంట్," అన్నారు మావయ్యగారు.

డైరెక్టర్ అది కూడా ఒక సంప్రదాయం అనుకున్నట్టు గౌరవంగా తలూపాడు. మా ఆవిడతో మాత్రం, చలికాలం నాటకంలో సత్రం యజమానురాలి వేషం ఉందని, పాట లేదు గానీ మాటలున్నాయని చెప్పాడు. ఆమె బుట్ట గురించి అడిగింది. లేదన్నాడు.

ముగ్గురం కారెక్కి ఇంటికి బయల్దేరాం. ఆమెకి సంతోషమో కోపమో తేల్చుకోలేక నేను ఒక మలుపు దాటిపోయాను.

"నాన్నా," అంది చివరికి. "బాగుందని అన్నారా, బాలేదని అన్నారా?"

"మొదటిసారి ఊపిరి చాల్లేదు."

"అయితే బాలేదనే."

"రెండోసారి చాలింది."

నేను కల్పించుకున్నాను. "మావయ్యగారూ, మీ ఊళ్ళో పద్యం బాగుంటేనే కదా వన్స్ మోర్ అనేది?"

"అది పద్యానికి అనేది కాదండీ," అన్నారాయన అద్దంలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ. "పాడగలిగినవాళ్ళకే అంటారు. పాడలేనివాణ్ణి రెండోసారి ఎవడు వింటాడు?"

మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంకాసేపటికి, దార్లో ఐస్‌క్రీమ్ షాపు కనిపిస్తే ఆపమంది. ఆపాను. ఆమె తన కప్పు అడుగుదాకా ఖాళీ చేసింది. మావయ్యగారు ఆ ఖాళీ కప్పు చూసి నన్ను ఇంకోటి తెమ్మన్నారు. ఎవరికని నేను అడగలేదు.