ఇంటి మనిషికి ఆదివారం

సింహాచలం అప్పన్న మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. అబద్ధమని తేలితే నా నాలుక మీద ఎండుచేపలు ఆరబెట్టుకోండి.

శ్రీకాకుళం వైపు పల్లె నుంచి విశాఖ వచ్చి, మద్దిలపాలెంలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, మంచం పట్టిన పెద్దాయనను చూసుకుంటున్నాను. పోర్టులో క్రేన్ నడిపిన మనిషి. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలంటే నాకే ఒక క్రేన్ కావాలి. ఎదురు ఫ్లాట్‌లో ముసలమ్మకు స్నానం చేయించి, తినిపించి, పక్క మార్చేది మా వైపు అక్కే. వచ్చి రెండేళ్లు. ఒక్క పూట సెలవు లేదు.

అక్క సెలవడిగితే ముసలమ్మ కోడలు నవ్వేది. "నువ్వేమైనా పనిమనిషివా? మా ఇంటి మనిషివి. ఇంటి మనిషికి సెలవేంటి?"



బట్టలారేసే డాబా మీద అక్కకు నేనే ఉపాయం చెప్పాను. "ఇంటి మనిషివంతన్నారు కదేటి! అలాగే ఉండక్కా."

మర్నాడు టిఫిన్ వేళ, రోజూ వంటింటి గుమ్మంలో కింద కూర్చుని తినే అక్క, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. తలుపు తీసే ఉంది, ఎదురు గుమ్మంలోంచి కళ్లారా చూశాను. ఆ కుర్చీ చప్పుడుకి హార్బర్లో ఓడలన్నీ హారన్ కొట్టాయి.

"ఇదేంటి?" అంది కోడలు.

"ఇంటి మనిషిని కదా మేడమ్. ఆ ఇడ్లీలు ఇటెయ్యండి."

ముసలమ్మ మంచం మీంచి కిసుక్కున నవ్వింది. కోడలు ఇడ్లీ గిన్నె అక్క ముందుకి జరిపి అడిగింది. "ఆదివారం సెలవిస్తే ఏం చేస్తావ్?"

"ఏటీ సెయ్యను. తొంగుంటాను. మీరేటని పిలిసినా నాను సేసేది పని మేడమ్. పనికి సెలవుంటాది."

సెలవొచ్చింది. అక్క గోపాలపట్నంలో చెల్లెలి గదికెళ్లి సాయంత్రం దాకా నిద్రపోయింది. ఆ రోజు అత్తగారికి స్నానం చేయించిన కోడలు నడుం పట్టుకుని, "అమ్మో, రోజూ ఎలా చేస్తోంది!" అందట.

ఇక ఒట్టు సంగతి. ఉపాయం చెప్పింది నేను కాదు. డాబా మీద నేనన్న మాట, "ఊరుకోక్కా, ఉన్న పని పోద్ది" అని.

"పని పోద్దని నీకు బయ్యం తమ్ముడా. నాకు నడుం పోతంది" అని ఆమె దిగి వెళ్లిపోయింది. కుర్చీ ఆలోచన పూర్తిగా ఆమెదే.

నిన్న నేను కూడా మా పెద్దాయన కొడుకును ఆదివారం సెలవు అడిగాను. "చూద్దాంలే" అన్నాడు. రేపు మళ్లీ అడుగుతాను.