వెలిగిన బల్బు చెప్పని సంగతి

ఎనభైల చివర్లో నేను తెనాలిలో వైరింగు పనులు చేసేవాణ్ణి. లైసెన్సు కొత్తగా వచ్చింది. దానితోపాటు అన్నీ తెలుసన్న గర్వమూ వచ్చింది.

రేపల్లెలో ఒక ఐసు ఫ్యాక్టరీ పని ఒప్పుకున్నాను. మీటరు గది నుంచి వెనక షెడ్డులోని మోటారు దాకా నేలలో కేబుల్ వేయాలి. అలాంటి చోట ఆర్మర్డ్ కేబుల్ వాడతారు. లోపలి తీగల చుట్టూ ఇనుప కవచం, దాని మీద నల్లటి తొడుగు ఉంటాయి. ఆ కవచం రెండు రకాలు. ఒకదానిలో గుండ్రటి ఇనుప తీగలు ఒత్తుగా చుట్టి ఉంటాయి, రెండోదానిలో పలచటి ఇనుప బద్దీలు. యజమాని తీగల రకం తెమ్మన్నారు. కొట్లో బద్దీల రకమే దొరికింది. "రెండూ ఇనుమేనండి, తేడా ఏంలేదు" అని చెప్పి అదే వేశాను. తేడా ఏమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

అసలు తప్పు ఆ తర్వాతది. మోటారు ఒంటికి కరెంటు పాకితే అది మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోవడానికి ఎర్త్ ఇస్తాం. కేబుల్ వెంట వేరే ఇనుప తీగ లాగి ఎర్త్ గుంటకు కలపాలి. కవచం కొసల్ని గ్లాండు అనే ఇత్తడి బిగింపులో చుట్టూ పట్టించాలి. నేను వేరే తీగ లాగలేదు, కవచమే సరిపోతుందనుకున్నాను. తెచ్చిన గ్లాండ్లు సైజు కుదరకపోతే రెండు బద్దీలు మెలిపెట్టి బోల్టుకు చుట్టి, పైన నల్ల టేపు వేశాను. సాయంత్రం రైలు అందుకోవాలని తొందర. చివర్లో అందరం చేసే పరీక్షే చేశాను. కరెంటు వచ్చే ఫేజు తీగకూ మోటారు ఒంటికీ మధ్య బల్బు పెడితే భేషుగ్గా వెలిగింది. యజమాని తృప్తిగా తలూపారు.

కొన్ని నెలలకు బాపట్లలో ఒక రైసుమిల్లు పనికి వెళ్లాను. అక్కడా బద్దీల కేబులే, అక్కడా కొసలు అలాగే మెలిపెట్టాను. అక్కడా బల్బు వెలిగించి "ఎర్త్ బ్రహ్మాండం" అన్నాను. పక్కనున్న ముసలి మేస్త్రి నవ్వాడు.

"బల్బుకేం అబ్బాయ్, పిల్లికూన లాంటిది. చెంచాడు పాలు చాలు దానికి. పొయ్యి పెట్టి చూడు."

అందర్నీ దూరం జరగమని, బల్బు తీసి ఆ చోట కరెంటు పొయ్యి కలిపాడు. పొయ్యి చుట్ట కాస్త ఎర్రబడుతుండగానే నేను మెలిపెట్టిన చోట పొగ లేచింది. పొయ్యి ఆరిపోయింది.

"మోటారు కాలితే వచ్చే కరెంటు ముందు ఈ పొయ్యి ఏపాటిది? గుండ్రటి తీగలైతే కొంత మోస్తాయి. బద్దీలు పలచన, దూరం పోయేకొద్దీ మోయలేవు. ఏ రకమైనా గ్లాండు ఉండాల్సిందే, ఎర్త్ తీగ వేరే వెయ్యాల్సిందే. కవచం కేబుల్ని కాయడానికయ్యా, నీ బద్ధకాన్ని కాయడానికి కాదు!"

నాకు రేపల్లె గుర్తొచ్చింది. ఆ షెడ్డులో నేలంతా ఐసు గడ్డకట్టించడానికి వాడే ఉప్పునీళ్ల తడి. ఐసు దిమ్మలు లాగే ఆడవాళ్లకు కాళ్లకు చెప్పులుండవు.

మర్నాడు పొద్దున్నే తెనాలి వచ్చి రేపల్లె బండి ఎక్కాను. దారిలో నాకు మొదట వచ్చిన ఆలోచన వాళ్ల గురించి కాదు. ఏమైనా జరిగి ఉంటే నా లైసెన్సు పోతుందేమోనని. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

గేటు దగ్గరే దిమ్మలు లాగే ఒకావిడ నన్ను గుర్తుపట్టింది.

"ఏంటి తమ్ముడూ, ఇప్పుడా రావడం? నీ మోటారు ముట్టుకుంటే జిల్లుమంటంది. అయ్యగారికి చెబితే, ఐసు ఫ్యాక్టరీలో జిల్లుమనక ఏమంటదీ అన్నారు."

"ఎవరికైనా ఏమైనా అయిందా అక్కా?"

"ఏం కాలేదులే. చెక్క వేసుకుని దాని మీద నిలబడి స్విచ్చి వేస్తన్నాం."

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ మెట్టంత హాయిగా నాకు ఏ కుర్చీ అనిపించలేదు.

లోపలికెళ్లి యజమానితో "తప్పు నాదేనండి. నాకే తెలియకుండా తేడా ఏంలేదని చెప్పాను. వెంటనే మోటారు ఆపించండి" అన్నాను.

"మరి ఆరోజు వెలిగించి చూపించావు కదయ్యా?"

"బల్బు వెలిగిందండి. అంతవరకే."

ఆయన నన్ను తిట్టాల్సినంతా తిట్టి మోటారు ఆపించారు. టేపు విప్పితే ఒక బద్దీ తుప్పుకు తెగిపోయి ఉంది. రెండోది గోటితో గీకితే రాలేలా ఉంది. రెండు రోజులు అక్కడే ఉండి, ఒంటికి కరెంటు పాకిస్తున్న మోటారు వైండింగు, అంటే లోపలి రాగితీగ చుట్ట, బాగుచేయించాను. సరైన గ్లాండ్లు బిగించి, వేరే ఎర్త్ తీగ లాగి, గుంటలో కొత్తగా బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోశాను. ఈసారి పొయ్యి పెట్టాను. యజమాని "చాల్లేవయ్యా, ఇంక కాఫీ కాస్తావా ఏంటి?" అనేదాకా చుట్ట ఎర్రగా కాలుతూనే ఉంది.

పొయ్యి తీసేసి మోటారు నడిపించాం.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది ఆవిడ.

"ఉండక్కా, ముందు నేను."

చెప్పులు విడిచి, తడి నేల మీద నిలబడి, మోటారు మీద అరచెయ్యి ఆనించాను. పాదాలకు చల్లదనం, చేతికి మోటారు వెచ్చదనం. అంతే. ఇంకేమీ లేదు.

ఆవిడ వచ్చి వేలితో తాకింది. తర్వాత చెయ్యంతా పెట్టింది. నవ్వింది. చెక్క తీసి బయట పారేస్తుందనుకున్నాను. దాన్ని గోడకు ఆనించి, "ఎందుకైనా మంచిది, ఇక్కడే ఉండనీ" అంది.

నేను వద్దనలేదు.